అగడ్త ఒడ్డున మూడు రాత్రులు, 531 పౌండ్లు

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను, లేకపోతే నా మనసు కుదుటపడదు. మూడు రాత్రులకి కాటేజీ అద్దె 462 పౌండ్లు. క్లీనింగ్ చార్జీ 45. పొయ్యిలోకి కట్టెల సంచి ఒక్కోటి 8, మూడు సంచులు కాల్చాం. మొత్తం 531. ఇంత పోసింది ప్రకటనలో ఉన్న ఒకే ఒక్క వాక్యాన్ని నమ్మి: "పదమూడో శతాబ్దపు అగడ్త ఒడ్డున ప్రశాంతమైన కాటేజీ." ఫొటోలో నిండుగా నీళ్ళు, ఆ నీళ్ళలో ఆకాశం, ఒడ్డున బెంచీ.

మేం చేరేసరికి శుక్రవారం సాయంత్రం అయిదున్నర. అక్టోబర్ చివరి వారం, పిల్లలకి హాఫ్ టర్మ్ సెలవులు. ఇంగ్లండ్‌లో వేల్స్ సరిహద్దు దగ్గరున్న "లడ్‌లో" (Ludlow) అనే ఊరికి కొన్ని మైళ్ళ దూరం, కారు పట్టీపట్టనంత సన్నటి సందులు, రెండు పక్కలా మనిషి కంటే ఎత్తు కంచె మొక్కలు. బెంచీ ఉంది, అబద్ధం చెప్పకూడదు. బెంచీ ముందు ఇనుప ముళ్ళతీగ, ముళ్ళతీగ అవతల నడుమెత్తు నెటిల్ మొక్కలు (తెలియనివాళ్ళకి: మన దురదగొండికి అక్క లాంటిది, తగిలితే గంట సేపు మంట), వాటి మధ్య మోకాలి లోతు పల్లం. ఒక్క చుక్క నీళ్ళు లేవు. పైగా అక్కడో బోర్డు: "ప్రమాదం, లోతైన నీళ్ళు."

నాన్న చాలాసేపు దాన్నే చూశాడు. తర్వాత, "గిదేంది బిడ్డా, పూడిపోయిన పిల్లకాలువ. దీన్ని చూసేటందుకా గింత దూరం తోలుకొచ్చినవ్?" అన్నాడు.

నాన్న గురించి చెప్పాలి. మిర్యాలగూడ మనిషి. నీటిపారుదల శాఖలో ముప్పై ఏళ్ళు చేశాడు. సాగర్ ఎడమ కాలువ మీద సగం జీవితం గడిచింది, రిటైరయ్యే ముందు మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీయించాడు. విజిటర్ వీసా మీద బర్మింగ్‌హామ్‌లో మా ఇంటికొచ్చి రెండు నెలలు. వచ్చిన దగ్గర్నుంచీ ఏదీ నచ్చలేదు. చలి నచ్చలేదు, తొందరగా ముసురుకునే చీకటి నచ్చలేదు, కుళాయి నీళ్ళ రుచి నచ్చలేదు. మా ఆయనకి మ్యాపుల పిచ్చి. ఇక్కడ ఆర్డ్‌నెన్స్ సర్వే మ్యాపుల్లో పాతకాలపు ఆనవాళ్ళని గోథిక్ అక్షరాల్లో వేస్తారు. వేల్స్ సరిహద్దు వెంబడి ఉన్న పొలాల్లో చిన్న చిన్న చతురస్రాలు, పక్కన "మోట్" అని గోథిక్ అక్షరాలు. మోట్ అంటే అగడ్త. "మామయ్య గారికి నీళ్ళ పని చూపిద్దాం" అని ఆయనే ప్లాన్ వేశాడు. మా తొమ్మిదేళ్ళ అమ్మాయికి మాత్రం కోటలూ కత్తులూ ఉంటాయని చెప్పి తీసుకొచ్చాం. అదీ ఒకరకం మోసమే.

అగడ్త అనగానే మనకి వరంగల్ కోట గుర్తొస్తుంది. ఇవి అంత పెద్దవి కావు. పల్లెలో కాస్త కలిగినవాడు, మన దగ్గరైతే గడీ కట్టుకునేవాడు, తన ఇంటి చుట్టూ తవ్వించుకున్న నీటి కాలువ. ఇంగ్లండ్‌లో ఇలాంటివి దాదాపు 6,000 దాకా గుర్తించారు, ఎక్కువ భాగం 1250కీ 1350కీ మధ్య తవ్వినవే. శత్రు సైన్యాన్ని ఆపేంత లోతు వీటిలో చాలావాటికి లేదు. దొంగల్నీ పశువుల్నీ ఆపుతాయి, బంకనేలలో ఇల్లు తడవకుండా చూస్తాయి, చేపలు పెంచుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా, రాజుగారి కోటకి ఉన్నట్టు మాకూ ఉందని చెప్పుకోవచ్చు.

కాటేజీ సంగతి ఇంకా అయిపోలేదు. హీటింగ్ ఉదయం ఆరు నుంచి ఎనిమిది వరకు, సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది వరకు. మధ్యలో ఆన్ చేయాలంటే కుదరదు, డబ్బాకి తాళం. సెప్టిక్ ట్యాంక్ కాబట్టి టాయిలెట్‌లో ఏమేం వేయకూడదో చెప్పే కాగితాలు అయిదు చోట్ల అంటించారు, నేను లెక్కపెట్టాను. వంటింట్లో నాలుగు ప్లేట్లు, మూడు గ్లాసులు. రాత్రి తొమ్మిదిన్నర తర్వాత నాన్న స్వెటర్ మీద స్వెటర్, దాని మీద మా ఆయన జాకెట్ వేసుకుని పొయ్యి ముందు కూర్చున్నాడు. కట్టెలు పచ్చివి. పొగ తప్ప వేడి లేదు. మా అమ్మాయి తాత పక్కన దుప్పట్లో దూరి, "తాతా, మనం నిజంగానే మధ్యయుగంలో ఉన్నామా?" అని అడిగింది.

ఆ రాత్రే యజమానికి మెసేజ్ పెట్టాను. ఫొటోలో నీళ్ళున్నాయి, ఇక్కడ లేవు, మాకు కొంత డబ్బు వెనక్కివ్వాలి అని. పొద్దున జవాబొచ్చింది. అగడ్త "సీజనల్" అట. ప్రకటనలో అగడ్త ఒడ్డున అని రాశారు గానీ నీళ్ళుంటాయని ఎక్కడా రాయలేదట, కావాలంటే మళ్ళీ చదువుకోమన్నారు. చదివాను. నిజమే, రాయలేదు. ఇంకో సంగతి కూడా బయటపడింది. ఆ పల్లం అసలు వాళ్ళది కాదు, పక్క రైతు పొలంలోది. ముళ్ళతీగ అందుకే. అంటే చూసుకోవడానికి పక్కింటివాడి ఎండిపోయిన కాలువ, దానికి మేం కట్టింది రాత్రికి 154 పౌండ్లు.

శుక్రవారం దారిలో బ్రోమ్‌యార్డ్ దగ్గర లోయర్ బ్రాక్‌హాంప్టన్ చూశాం. ఇది పాత ఇళ్ళనీ తోటల్నీ కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ వాళ్ళది. 1946లో లట్లీ అనే కర్నల్ గారు వీలునామా రాసి ఇచ్చేసిన ఎస్టేటు. మాకు మెంబర్‌షిప్ కార్డుంది, నాన్నకి మాత్రమే టికెట్ కొన్నాం. కర్ర చట్రాల పాత ఇల్లు, చుట్టూ నీళ్ళు, ఆ నీటి మీద ఒక చిన్న గేట్‌హౌస్, అంటే ద్వారం మీద కట్టిన గది. ఆ గేట్‌హౌస్ ఎవరో భుజంతో నెట్టినట్టు పక్కకి వాలిపోయి ఉంది. ఇది 1540ల నాటిది, ఇల్లు ఇంకా పాతది. పక్కనే పన్నెండో శతాబ్దపు చిన్న చర్చి, పైకప్పు లేకుండా మొండిగోడలతో. ఫొటోలు బాగా వస్తాయి, అందుకే జనం కూడా బాగా వస్తారు. నాన్న గేట్‌హౌస్ చూసి "కూలుతది" అన్నాడు. అయిదు వందల ఏళ్ళుగా కూలలేదని మా ఆయన చెబితే, "అయితే రేపు కూలుతది" అన్నాడు. ఆరోజు నాన్న మూడ్ అది.

శనివారం స్టోక్‌సే కాజిల్. నేషనల్ ట్రస్ట్ కార్డు చూపిస్తే కౌంటర్‌లో అమ్మాయి నవ్వింది. ఇది ఇంగ్లిష్ హెరిటేజ్ అనే ఇంకో సంస్థ వాళ్ళది, ఆ కార్డు వేరు, ఈ కార్డు వేరు. ప్రతి ఏడాదీ ఎవరో ఒక తెలుగువాళ్ళు ఈ తప్పు చేస్తూనే ఉంటారు, నేనూ చేశాను. పెద్దవాళ్ళ టికెట్ ఒక్కోటి పది పౌండ్ల పైనే. కానీ ఆ డబ్బుకి నాకు బాధ లేదు.

పేరుకి కాజిల్ గానీ ఇది ఒక వ్యాపారి ఇల్లు. లారెన్స్ ఆఫ్ లడ్‌లో అనే ఉన్ని వ్యాపారి 1281లో ఈ భూమి కొన్నాడు. వేల్స్‌ని ఇంగ్లండ్ రాజు ఎడ్వర్డ్ అణిచేసిన రోజులవి. సరిహద్దులో కొంచెం ధైర్యం వచ్చింది. ఇంటికి కోటగోడల్లాంటి పళ్ళు పెట్టుకోవాలంటే అప్పట్లో రాజుగారి అనుమతి ఉండాలి. లారెన్స్‌కి అది 1291లో వచ్చింది. మూడేళ్ళకి, 1294లో, ఉన్ని వేసుకెళ్తున్న ఓడ మునిగి సముద్రంలో చచ్చిపోయాడు. ఉన్ని మీద రాజు వేసిన పన్నులో ఇతని హస్తం ఉందట. అందుకే ఉన్ని ఓడలోనే మునిగాడని అప్పటి మఠంలో ఎవరో సన్యాసి కసిగా రాసిపెట్టాడు. మన ఓరుగల్లులో రుద్రమదేవి ఏలుతున్న రోజుల్లోనే ఇక్కడ ఈ వ్యాపారి ఇల్లు కట్టించుకుంటున్నాడు.

పెద్ద హాల్లో పొగగొట్టం లేదు. గది మధ్యలో పొయ్యి, పొగ ఎటు పోతే అటు. మా కాటేజీయే నయం అనిపించిన ఒకే ఒక్క క్షణం అది. మూలనున్న చెక్క మెట్లు మాత్రం చూసి తీరాలి, ఒక్కో మెట్టు ఒక్కో మొద్దులోంచి తీసింది, ఏడు వందల ఏళ్ళ కిందటివి. నాన్న ఎక్కుతూ చేత్తో తడిమి చూశాడు, ఏమీ అనలేదు. నాన్న ఏమీ అనలేదంటే నచ్చినట్టే. కానీ ఇక్కడి అగడ్తలో కూడా నీళ్ళు లేవు, గడ్డి పెంచారు. బయటికొచ్చాక అడిగాడు. "ఈ దేశంల రోజూ వాన పడుతది గదా, నీళ్ళన్నీ ఏడికి పోతున్నయ్?"

మధ్యాహ్నం లడ్‌లో. కోట, సంత, కాఫీ. బాగుంది.

ఆదివారం పొద్దున గడియారాలు ఒక గంట వెనక్కి జరిగాయి, ఇక్కడ చలికాలానికి ఏటా అలా జరుపుతారు. కాటేజీ హీటింగ్ టైమర్‌కి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఏడుకే ఆగిపోయింది. చలికి నిద్ర పట్టక అందరం తొందరగా లేచాం, అందుకే వేల్స్‌లో హెన్ గూర్ట్ అనే అగడ్త దగ్గరికి వెళ్ళడం కుదిరింది. లేకపోతే అంత దూరం నేను ఒప్పుకునేదాన్ని కాదు. హెరెఫర్డ్ మీదుగా అబర్‌గవెన్నీ, అక్కడ్నుంచి మన్‌మత్ వెళ్ళే చిన్న రోడ్డు పట్టుకోవాలి. వేల్స్‌లోకి రాగానే రోడ్డు మీద పెద్ద అక్షరాల్లో "ఆరవ్" అని రాసి ఉంటుంది, అంటే మెల్లగా అని. 2023 నుంచి అక్కడ ఊళ్ళలో చాలాచోట్ల వేగం గంటకి ఇరవై మైళ్ళే. మా ఆయన ప్రతి ఊళ్ళో పందొమ్మిది దగ్గర ఊపిరి బిగబట్టి నడిపాడు. వెనక ఒక ట్రాక్టరు మాకు హారన్ కొట్టింది. ట్రాక్టరు!

లాంటిలియో క్రాసెన్నీ అనే పల్లె పక్కన రోడ్డు మీదే ఉంది హెన్ గూర్ట్. వెల్ష్‌లో హెన్ అంటే పాత, గూర్ట్ అంటే దొరల నివాసం. పాత గడీ అనుకోండి. వేల్స్ ప్రభుత్వ సంస్థ కాడూ చూసుకుంటుంది. టికెట్ లేదు, కౌంటర్ లేదు, షాపు లేదు, టాయిలెట్ కూడా లేదు (ముందే చూసుకుని వెళ్ళండి). కారు ఆపడానికి పెద్దగా చోటు లేదు. ఒక పొలం, అందులో చతురస్రంగా నీళ్ళు, నీళ్ళ మధ్య గడ్డి దిమ్మ, దాని మీదికి చిన్న వంతెన. దిమ్మ మీద ఏమీ లేదు. గోడ లేదు, స్తంభం లేదు.

మా అమ్మాయి వంతెన దాటి చుట్టూ చూసి, "కాజిల్ ఎక్కడ?" అంది. లేదని చెప్పాక గడ్డిలో కూలబడింది. మా ఆయన ఫోన్‌లో చదవడం మొదలెట్టాడు. పదమూడు, పద్నాలుగు శతాబ్దాల్లో ఇది లాండాఫ్ బిషప్పులది. తర్వాత డేఫిడ్ గామ్ అనే వెల్ష్ వీరుడి పేరుతో కలిపి చెప్పుకుంటారు, ఇంగ్లండ్ రాజు వైపు నిలబడి 1415లో ఆజిన్‌కోర్ట్ యుద్ధంలో చనిపోయినవాడు. ఆ తర్వాత రాగ్లాన్ కోట దొరలకి జింకల తోటలో వేట బస. సిగ్నల్ పోయింది, చదవడం ఆగింది.

అప్పుడు చూస్తే నాన్న లేడు.

అగడ్త అవతలి ఒడ్డున, గట్టు మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో మట్టి. దాన్ని తడి చేసి అరచేతుల మధ్య పాములాగా పేనుతున్నాడు. విరగలేదు. ఇంకా సన్నగా పేనాడు, అయినా విరగలేదు. "బంకమన్ను" అన్నాడు మొహం వెలిగిపోతుంటే. "అందుకే నిలుస్తున్నయ్ నీళ్ళు. సిమెంటు లేదు, రాయి లేదు. ఉత్త మన్ను!"

రెండు నెలల్లో నాన్న అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి. గట్టు మీద అడుగులు లెక్కపెడుతూ ఒక వైపంతా నడిచాడు. నలభై దాటాక మా అమ్మాయి ఏదో అడిగితే లెక్క తప్పి మళ్ళీ మొదటికొచ్చాడు. నీళ్ళు ఎటు నుంచి వస్తున్నాయో, ఎటు పోతున్నాయో చూడాలని తుప్పల్లోకి దూరాడు. తూము ఏడుంది, అలుగు ఏడుంది అని తనలో తనే అనుకుంటూ. నేను వెనకాల "పడతావు నాన్నా" అంటూ. తర్వాత మనవరాల్ని పిలిచి, పుల్లతో మట్టిలో బొమ్మ గీసి చెప్పాడు: "చూడు, చుట్టూ తవ్విండ్రు. తవ్విన మన్ను బయట పారేయలే, లోపలికే పోసిండ్రు. ఇల్లు ఎత్తుకు లేచింది, నీళ్ళు పల్లానికి దిగినయ్. కూలి ఒక్కటే, పనులు రెండు." ఇది నాకు పుస్తకాల్లో దొరికినదానికంటే బాగా అర్థమైంది.

చేపల సంగతి కూడా నేను చెప్పాను. అప్పట్లో వీళ్ళకి శుక్రవారం మాంసం నిషిద్ధం, చేప తినొచ్చు, అందుకే ఇంటి చుట్టూ చేపల చెరువు ఉంటే తేలిక అని. నాన్న నవ్వాడు. "మంచి ఉపవాసమే" అన్నాడు.

గంటన్నర ఉన్నాం. ఒక్క మనిషి రాలేదు, ఒక కుక్కతో ఒక ముసలావిడ తప్ప. ఆవిడ నాన్న చేతుల మట్టి చూసి ఏమీ అడగకుండా "లవ్లీ డే" అని వెళ్ళిపోయింది. ఆకాశం అంతా మబ్బు.

దగ్గర్లోనే వైట్ కాజిల్ ఉంది, కొండ మీద, చుట్టూ లోతైన నీళ్ళు. అమ్మాయికి అక్కడ కాజిల్ దొరికింది. రెండో ప్రపంచయుద్ధంలో అబర్‌గవెన్నీలో ఖైదులో ఉన్న హిట్లర్ కుడిభుజం రుడాల్ఫ్ హెస్‌ని ఇక్కడికి షికారు తీసుకొచ్చేవారని, హంసలకి తిండి వేసేవాడని చెబుతారు. నాన్నకి ఇందులో ఆసక్తి లేదు. "సర్కారు పని" అన్నాడు. హెన్ గూర్ట్ మాత్రం రైతు పనిలాగా ఉందట.

కార్తీకమాసం కాబట్టి నాన్న నీచు ముట్టడు. రెండు పబ్బుల్లో వంట అయిపోయిందన్నారు, అప్పటికి రెండుంపావే. మూడో చోట ఒక చిన్న టీ హోటల్లో "వెల్ష్ రేర్‌బిట్" అని బోర్డు, 9.50 పౌండ్లు. రేర్‌బిట్ పేరు విని నాన్న కుందేలు మాంసం అనుకుని లేచి నిలబడ్డాడు. కాదు, బ్రెడ్ మీద కరిగించిన చీజ్ అంతే అని వడ్డించే ఆవిడతోనే చెప్పించాను. ఒకటి తిన్నాడు. ఇంకోటి చెప్పమన్నాడు. ఆవాల ఘాటు తగిలి, "ఈ దేశంల తిన్న మొదటి తిండి ఇదే" అన్నాడు. రాత్రి ఫోన్‌లో చూస్తే తెలిసింది, దాన్ని మామూలుగా బీరు పోసి చేస్తారు, పైన వేసే వుస్టర్ సాస్‌లో చేపలుంటాయి. నాన్న ఇలాంటివి చదవడు. మీరెవరైనా మిర్యాలగూడ వైపు వెళ్తే దయచేసి నోరు జారకండి. మీరు మాత్రం ఆర్డర్ ఇచ్చే ముందే అడగండి.

పెట్రోలు మొత్తం 48 పౌండ్లయింది. వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది: అగడ్త ఇల్లు చూడాలంటే బ్రాక్‌హాంప్టన్, లోపలి గదులు చూడాలంటే స్టోక్‌సే. పిల్లలుంటే హెన్ గూర్ట్‌కి ముందే వైట్ కాజిల్ చూపించండి, వరస తప్పితే మాలాగే గడ్డిలో కూలబడతారు. మ్యాపులో కనిపించిన ప్రతి "మోట్" దగ్గరికీ వెళ్ళిపోకండి, చాలావరకు సొంత పొలాలు, నడకదారి గుర్తు ఉంటేనే లోపలికి. బూట్లు పాతవి వేసుకోండి. కాటేజీ బుక్ చేసేటప్పుడు నీళ్ళున్నాయా అని రాతపూర్వకంగా అడగండి. నవ్వుకుంటే నవ్వుకోనివ్వండి.

సోమవారం పొద్దున పదింటికి ఖాళీ చేయాలి. ఎనిమిదింటికే నాన్న కర్ర పట్టుకుని నెటిల్స్ పక్కకి తోసుకుంటూ ముళ్ళతీగ వెంబడి తిరుగుతున్నాడు. చేతులు ఎర్రగా కాలిపోయాయి, పట్టించుకోలేదు. తీగ అవతల పొలం మూలలో గట్టు తెగి ఉందట, పొలం నీళ్ళు పోవడానికి ఎవరో పైపు వేసి ఈ పల్లాన్ని ఎండగట్టారట. వంటింట్లో కూర్చుని, విజిటర్స్ పుస్తకంలో రెండు పేజీలు నింపాడు. ప్లాన్, అడ్డకోత, ఎక్కడ బంకమన్ను కొట్టాలి, ఎక్కడ తూము పెట్టాలి, ఎంత పూడిక తీయాలి. కింద డిపార్ట్‌మెంట్ ఇంగ్లిష్‌లో "సమర్పించడమైనది" అని సంతకం, పేరు పక్కన "రిటైర్డ్ డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్" అని.

వారం తర్వాత యజమాని నుంచి మెసేజ్. ఆ బొమ్మ ఎవరు వేశారు, పక్క రైతుకి చూపించాం, ఆయనకి చాలా నచ్చింది అని. అయితే అది రక్షిత కట్టడాల జాబితాలో ఉందట, పార పెట్టాలన్నా ప్రభుత్వ అనుమతి కావాలట, ఆ ఫైలు నడవడానికి చాలా కాలం పడుతుందట. నాన్నకి చదివి వినిపించాను. "ఈడ గూడ ఫైలేనా" అన్నాడు, ఎంతో తృప్తిగా.

డబ్బు వెనక్కిచ్చే మాట ఆ మెసేజ్‌లో ఎక్కడా లేదు. నాన్న దాన్ని ప్రింట్ తీయించి సూట్‌కేస్‌లో పెట్టుకున్నాడు.